చేర్చుకోవడం వేరు, కలుపుకోవడం వేరు

మా ప్రకాశం జిల్లా పల్లెల్లో ఒక కిరస్తానీ కుటుంబం గురించి వాకబు చేసేవాళ్ళు "వాళ్ళెప్పుడు నమ్మారు?" అని అడగరు. "ఎప్పుడు కలిశారు?" అని అడుగుతారు. పుస్తకాల్లో మతం మారడం, స్వీకరించడం అని రాస్తారు గానీ నోటిమాటలో అది కలవడమే. మా ఊరి కరణంగారు మా నాన్నతో "మీ తాతలు కరువులో కలిశారంట గదరా" అన్నప్పుడు అందులో ఎత్తిపొడుపు ఉంది. గంజికోసం కలిశారని దాని భావం. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు చెవులు కాలిపోయేవి. ఇప్పుడు అరవై దాటి, చర్చిలో పాతికేళ్ళు సంఘపెద్దగా చేసి దిగిపోయాక, కరణంగారి ఎత్తిపొడుపు పోయి మాట ఒక్కటే మిగిలింది. దాన్నే నన్ను నేను అడుక్కుంటున్నాను. మేం ఎప్పుడు కలిశాం? అసలు కలిశామా?

బైబిల్లో ఇంకో మాట ఉంది. రోమా పత్రిక పదిహేనో అధ్యాయంలో పౌలు ఒకరినొకరు చేర్చుకోమంటాడు. ఒనేసిము అనే దాసుణ్ణి యజమాని ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపుతూ, నన్ను చేర్చుకున్నట్టే ఇతన్నీ చేర్చుకో అని ఉత్తరం రాస్తాడు. చేర్చుకోవడం మంచి మాటే, కాదనను. కానీ మన వాడుకలో దానికి కాస్త ఆఫీసు వాసన పట్టింది. బళ్ళో చేర్చుకుంటారు, ఆస్పత్రిలో చేర్చుకుంటారు. కాగితాలు సరిగ్గా ఉంటే చాలు, ఒక నంబరిస్తారు. కలుపుకోవడం అలా కాదు. అన్నంలో పప్పు కలుపుకున్నాక ఏది అన్నమో ఏది పప్పో విడదీయడం ఎవరి తరమూ కాదు. పైగా చెయ్యి పెట్టకుండా కలపడం కుదరదు.

పొలంలో పీకి గట్టుమీద పారేసేదాన్ని కూడా కలుపనే అంటాం. ఈ రెండు మాటలూ ఒకే చోట పుట్టాయో లేదో పండితులు చెప్పాలి. నాకైతే మా చర్చి చరిత్రంతా ఈ రెండు కలుపుల మధ్యే నడిచినట్టుంటుంది.

గుండ్లకమ్మ వంతెన మీద బస్సు పోతుంటే మా నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకునేది. నదికి దణ్ణమేమో అనుకునేవాణ్ణి. అది ప్రార్థన. "మనోళ్ళు మునిగిన నీళ్ళురా" అనేది. ధాత కరువు 1876లో మొదలై రెండేళ్ళు పీల్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పనిచ్చాడు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలికోసం కలిశారన్న మాట రాకూడదని ఆయన జాగ్రత్త. మా కరణంగారికి ఈ సంగతి తెలియదు. తెలిసినా మాట మార్చేవాడని నేననుకోను. చివరికి 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మలో మునిగి లేచారు. దేశీయ బోధకులే ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చారు.

2,222 అనే అంకె మిషను చరిత్రల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నాయనమ్మకు ఆ అంకె తెలియదు. వాళ్ళ అవ్వ ఆ రోజు ఆ వరసలో నిలబడిందట. ఆమె చెప్పింది ఒక్కటే: ఒడ్డున ఎవరో కాగితం చూసి పేరు పిలిచారు, నీళ్ళలో ఉన్నాయన తలమీద చెయ్యి వేశాడు. బోధకుల్లో చాలామంది మావాళ్ళే గనుక ఆ చెయ్యి కూడా మాదిగ చెయ్యే అయ్యుంటుంది. అయినా ఆ ముసలమ్మ చచ్చేదాకా చెప్పుకున్నది ఆ పిలుపు గురించే. ఒసే, ఏమే అని కాకుండా, నలుగురిలో నిండుగా పేరు పెట్టి పిలవడం ఆమె బతుకులో అదే మొదలట.

అంతకు పన్నెండేళ్ళ ముందే ఒక పరీక్ష జరిగింది. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాక ఊళ్ళో పెద్దకులాల పిల్లలు మిషను బడికి రాసాగారు. పెద్దలు కూడా ఆయన్ని ఆదరిస్తున్నారు. ఆ ఏడాదే తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. అతని వెంట మిగతా మాదిగలూ రావడం మొదలైంది. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తామని పెద్దలు తెగేసి చెప్పారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రికలో ఒకే భాగం తగిలిందని, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడనే ఆ భాగం చదివి ఇద్దరూ ఒకే తీర్మానానికి వచ్చారని ఆయన జ్ఞాపకాల్లో ఉంది. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు. ఈ కథ మా ఆదివారపు బళ్ళో ప్రతి ఏటా చెప్పేవారు. గర్వంగా వినేవాణ్ణి. ఇప్పుడు అదే కథలో ఇంకోటి కనిపిస్తోంది. ఒకరు లోపలికి వస్తే ఇంకొకరు బయటికి పోయారు. ఇద్దరూ ఒకే బెంచీమీద కూర్చున్న రోజు ఆ బడికి రానేలేదు.

గుంటూరు వైపు 1842లోనే లూథరన్లు దిగారు. అక్కడ సంఘాల్లో మాలలెక్కువ. ఒంగోలు వైపు బాప్టిస్టులు, మాదిగలెక్కువ. మిషన్లు తమలో తాము సరిహద్దులు గీసుకున్నాయి, తగాదాలు లేకుండా పని సాగాలని. దాని ఫలం మేం అనుభవిస్తున్నాం. మా వైపు "మీరు బాప్టిస్టులా?" అని ఎవరైనా అడిగితే అది దేవుడి గురించిన ప్రశ్న కాదు. జవాబు చెప్పగానే అడిగినవాడికి కావలసింది తెలిసిపోతుంది. ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ, క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ కమ్మ. క్రీస్తు పేరు ముందుంటుంది, పని చేసేది మాత్రం వెనకున్న మాట.

పెద్దలు కంచం పొత్తు, మంచం పొత్తు అనేవారు. కలిసి తినడం ఒక మెట్టు, పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఇంకో మెట్టు. మా చిన్నాన్న కూతురు గుంటూరులో చదువుకుంటూ ఒక లూథరన్ అబ్బాయిని ఇష్టపడింది. ఇద్దరూ ప్రార్థనపరులే, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. రెండిళ్ళలోనూ అదే బైబిలు, గోడమీద అదే గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసు పటం. ఆర్నెల్లు రెండిళ్ళూ ఉపవాస ప్రార్థనలు చేశాయి, ఎదుటివాళ్ళ పిల్ల, పిల్లవాడు మనసు మార్చుకోవాలని. మా మేనమామ, వాక్యం బాగా తెలిసినవాడు, పంచాయితీలో ఒక మాటన్నాడు: "దేవుడి ముందు అందరం ఒకటేనయ్యా, కాదన్నదెవరు? చుట్టాల ముందెట్టా?" అంతకంటే నిజాయితీ గల వేదాంతం నేను వినలేదు. పిల్లలు రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు.

చర్చిలో మేం ఒకరినొకరం బ్రదరూ, సిస్టరూ అని పిలుచుకుంటాం. ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. తెలుగువాడికి అన్నాచెల్లెళ్ళ వరస అంటే పెళ్ళికి కుదరని వరస. బ్రదరనేసి తలుపు మర్యాదగా వేసేశాం! నూటయాభై ఏళ్ళు గడిచినా ఒక మాల క్రైస్తవుడు ఒక మాదిగ క్రైస్తవుణ్ణి నలుగురిలో "ఏం బావా" అని పిలవగా నేను విన్నది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వరస కలిసినప్పుడు గదా కలిసినట్టు.

కలవడానికి బయటి అడ్డంకులూ తక్కువ కాదు. బడిలో నాకొక పేరు, గుడిలో ఒక పేరు. ఒకటి తిరుపతి కొండమీదిది, ఇంకోటి పాత నిబంధనలోది. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు మా నాన్న మేలు కోరే మార్చారు. కారణం, 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రారన్నది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన మాదిగ మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. ఊళ్ళో టీకొట్టువాడికి ఈ ఉత్తర్వు తెలియదు పాపం, వాడికి మాదిగంటే మాదిగే. మా ఇంట్లో నాన్న ఉన్నదున్నట్టు బీసీ-సి రాయించాడు. పెదనాన్న పిల్లలు ఎస్సీ సర్టిఫికెట్టు తీసుకున్నారు. సంఘంలో కొందరు పెదనాన్నను రెండు పడవలమీద కాళ్ళన్నారు. నాన్నను ఇంకొందరు వెర్రిబాగులవాడన్నారు. ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుని ఒకే కీర్తనల పుస్తకంలోంచి పాడేవారు. వాళ్ళలో ఎవరు సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. సిగ్గుపడాల్సింది అసలు వాళ్ళు కాదేమో.

వినుకొండలో పుట్టిన కవి జాషువాది కూడా ఇలాంటి రెండంచుల బతుకే. పేరు బైబిలుది, పద్యం పురాణాలది. హిందూ సభల్లో కులం అడిగారు, సొంతవాళ్ళు హిందూ కథలెందుకని అడిగారు. 1941 నాటి ఆయన "గబ్బిలం"లో కాశీ విశ్వనాథుడి దగ్గరికి మనిషి మొర మోసుకెళ్ళేది గబ్బిలం. గుడిలోకి దానికి అడ్డులేదు గదా. మా చర్చి దూలాలమీద కూడా గబ్బిలాలున్నాయి. ఆరాధన జరుగుతుంటే పిల్లలు వాటినే చూస్తుంటారు.

దొరలతో మా వాళ్ళకున్న బాంధవ్యం గురించి ఒక్కరే సూటిగా మాట్లాడారనిపిస్తుంది. తిరునెల్వేలి నుంచి 1909లో డోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్పయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగితే, ఆ దొరలందరి ముందు నిలబడి, మీ త్యాగాలకు ఋణపడి ఉంటాం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. సభలో కొందరికి అది కటువుగా తగిలింది. ఆయన అడిగింది డబ్బు కాదు, పదవి కాదు. స్నేహితుడంటే ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. బాప్తిస్మం ఇవ్వడానికి ఆలోచించని చేతులు, భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగడానికి తడబడ్డాయి.

ఈ తడబాటు పాతదే. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో విశ్వాసమూలంగా నీతిమంతులు కావడం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, దానికి ముందున్న గొడవ గురించి మాత్రం పెద్దగా వినలేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కూర్చుని తినేవాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫు మనుషులు రాగానే మెల్లగా పక్కకు జరిగాడు. ఆయన్ని చూసి మిగతా యూదులు జరిగారు, చివరికి బర్నబా కూడా. పౌలు అందరి ముందూ నిలదీశాడు. చూడండి, పేతురు ఎవరి బాప్తిస్మమూ రద్దు చేయలేదు, ఎవరినీ సంఘంలోంచి తీసెయ్యలేదు. యొప్పేలో మిద్దెమీద దుప్పటి దర్శనం చూసినవాడు, కొర్నేలీ గడప తొక్కినవాడు ఆయనే. తినే చోటు మార్చాడు, అంతే. అంతమాత్రానికే సువార్త దారి తప్పిందన్నాడు పౌలు. యూరపు పండితులకు ఈ ఘట్టానికి పెద్ద పెద్ద వ్యాఖ్యానాలు కావాలి. మన పల్లెలో పుట్టినవాడికి అక్కర్లేదు. ఎవరింట్లో ఎవరు మంచినీళ్ళు తాగుతారో తెలిస్తే ఊరి పటం గీసెయ్యొచ్చు.

2022 ఆగస్టులో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు, మేం కాథలిక్కులం కాకపోయినా మా ఇంట్లో సంబరపడ్డాం. తొలి తెలుగు కార్డినల్. పేపర్లు ఇంకోటీ రాశాయి, తొలి దళిత కార్డినల్ అని. నాకు రెండో మాట మీద గర్వమూ కలిగింది, లెక్కా మొదలైంది. ఎన్ని వందల ఏళ్ళకు!

ఇంతవరకూ మాకు జరిగినవే చెప్పాను. మేం చేసింది చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

పన్నెండేళ్ళ కిందట మా ఊరి కాలువ అవతల, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే ఒక యానాది కుటుంబం మా చర్చికి రావడం మొదలుపెట్టింది. వాళ్ళ చిన్నపిల్లకు జ్వరం ముదిరితే మా పాస్టరు అయ్యగారి భార్య ఆస్పత్రికి తీసుకెళ్ళి వారం రోజులు చూసుకుంది. ఆ కృతజ్ఞతతో వచ్చారు, తర్వాత నమ్మకంతో నిలిచారు. మొగుడూ పెళ్ళాం, అతని తల్లి, ఎదిగిన కొడుకులిద్దరు, ఐదుగురు కాలువలో బాప్తిస్మం తీసుకున్నారు. నేనే రిజిస్టర్లో పేర్లు రాశాను. మా బాప్టిస్టు సంఘాల అసోసియేషనుకు పంపే నివేదికలో ఐదు ఆత్మలు అని ఎక్కించాం. ఆ ముసలామె మా ఆడవాళ్ళలాగే రోజూ పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి ఆదివారం తెచ్చేది. వాళ్ళకు బియ్యం ఎన్ని రోజులుండేవో నేనడగలేదు.

వాళ్ళు తలుపు పక్కన, చెప్పుల వరసకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఎవరూ కూర్చోమనలేదు. వాళ్ళే అక్కడ కూర్చుంటారు అనుకున్నాం. మా తాతలు టీ హోటలు బయట చూరులో దోపిన గ్లాసు తీసుకుని, కడుక్కుని, తాగి, మళ్ళీ దోపినప్పుడు కూడా ఊరి పెద్దలు ఇదే అనుకునుంటారు. వాళ్ళే అట్లా తాగుతారండీ అని.

నెల మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల. ముందురోజు సాయంత్రం నల్లద్రాక్ష ఉడకబెట్టి, వడగట్టి, పంచదార కలిపి, చిన్న గాజు గ్లాసుల్లో పోసి పళ్ళాల్లో సర్దడం నా పని. బల్ల తీసుకునే వాళ్ళను మనసులో ఇంటింటి చొప్పున లెక్కపెట్టుకుని గ్లాసులు పెట్టేవాణ్ణి. పాతికేళ్ళ అలవాటు. ఆ నెల బల్ల ఆ యానాది కుటుంబానికి మొదటిది. ఆడవాళ్ళు తెల్లచీరలు కట్టుకొచ్చారు. ఆ ముసలామెకు తెల్లచీర లేదు, ఉన్నదాన్నే ఉతుక్కుని కట్టుకుంది. పళ్ళెం తలుపు దాకా వెళ్ళేసరికి గ్లాసులు అయిపోయాయి. ఆమె చాచిన చెయ్యి కొంగులోకి లాక్కుంది. నేను ఇంటింటి లెక్క వేసినప్పుడు ఆ ఇల్లు నా లెక్కలో లేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు. ఐదు పేర్లూ నా చేత్తో రాసి నెల తిరగలేదు, ఎలా మరిచిపోతాను?

అయ్యగారు నావైపు చూశారు. నేను గబగబా వెనకనున్న అయ్యగారి వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు గ్లాసు తెచ్చి, సీసాలో మిగిలిన రసం పోసి ఇచ్చాను. ఐదుగురూ అందులోనే తాగారు. ఆరాధన సజావుగా ముగిసింది. సమయానికి సర్దేశానని నాకు లోలోపల కొంచెం తృప్తి కూడా.

రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది. "వాళ్ళకు విడి గ్లాసు పెట్టారేమండీ?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడే ఒంగోలు వెళ్ళి ఇంకో రెండు డజన్ల గ్లాసులు కొనుక్కొచ్చాను. గ్లాసులు కొనడం తేలిక. క్రిస్మస్ ప్రేమ విందులో వాళ్ళు ఆఖరి పంక్తిదాకా వేపచెట్టు కింద నిలబడ్డారు. రమ్మని గట్టిగా పిలిచినవాళ్ళున్నారు, నేనూ పిలిచాను. లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు లేడు. తర్వాతి వానాకాలానికి రావడం మానేశారు. కాలువ అవతల రేకుల పాకలో ఒక చిన్న మందిరం లేచింది. దాని పాస్టరు కూడా యానాదే.

ఏడాది తర్వాత సంతలో ఆ ఇంటాయన కనపడితే ఆపి, మన చర్చికి ఎందుకు రావడం లేదయ్యా అని అడిగాను. ఏమన్నా పొరపాటైతే మనసులో పెట్టుకోవద్దన్నాను. అతను నవ్వాడు. "అబ్బే, అదేం లేదు సారూ. అక్కడ గ్లాసులు నేనే పంచుతా."

మా రిజిస్టర్లో ఆ ఐదు పేర్లూ అలాగే ఉన్నాయి. ఏటా అసోసియేషనుకు పంపే లెక్కలో వాటిని కలుపుతూనే ఉన్నారు.